టీచరుగారి మేడ మీద టవరు

టీచరుగారు పోయారని మొన్న ఆదివారం ఉదయం ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారు నిద్రలోనే వెళ్ళిపోయారండి. మీకు చెప్పాలనిపించింది" అంది. టీచరుగారు నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన పంతులమ్మ కూడా కాదు. ఒకప్పుడు ఆవిడ మేడ మీద నేను సెల్ టవరు పెట్టించాను.

అప్పట్లో నేను ఒక ఫోన్ కంపెనీలో ఇంజనీరుని. రామచంద్రపురం అవతల, గోదావరి గట్టు దిగువనున్న ఆ ఊళ్ళో మాకు ఎవరూ చోటివ్వలేదు. టవరొస్తే కొబ్బరి కాపు తగ్గుతుందని భయం. రిటైరైన ఈ టీచరుగారు మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"టౌన్లో అంత పెద్ద టవరుంది కదండీ, మళ్ళీ ఇది దేనికి?"

"మొదట్లో ఫోన్లు తక్కువండి. ఎత్తయిన టవరొకటుంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సరిపోయేది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒక టవరు మీద ఒకేసారి కొంతమందే మాట్లాడగలరు. అందుకని జనం ఉన్న చోటికే చిన్నవి తెచ్చి పెడుతున్నాం."

"టౌన్లో హైస్కూలున్నా ఊరూరా ఎలిమెంటరీ స్కూలు పెట్టినట్టన్నమాట. అలా చెప్పరేం!" అని ఒప్పుకున్నారు.

దాంతో ఊళ్ళో కొందరు ఆవిడతో మాట్లాడటం మానేశారు. ఆ సంగతి ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడెళ్ళినా, "ముందు మీరు మజ్జిగ తాగండి, మీ జెనరేటరుకి తరవాత పోద్దురుగాని" అనేవారు.

ఒక ఏడాది వరదకి గట్టు తెగింది. ఊళ్ళో కరెంటు పోయింది. ఎత్తు దిమ్మ మీదున్న జెనరేటరుతోనే టవరు నడుస్తోంది, అందులో డీజిల్ అయిపోవస్తోంది. రోడ్డు మునిగి నేను రామచంద్రపురంలోనే ఆగిపోయాను. ఆవిడకి ఫోన్ చేశాను.

"పొలం ఇంజనుకని ఉంచిన డీజిల్ పోయించానండి" అన్నారు. వెనక సగం ఊరి గోల. మాట్లాడటం మానేసినవాళ్ళు కూడా పిల్లలతో ఆ మేడ మీదే ఉన్నారట. టీచరుగారు వాళ్ళని కేకలేస్తున్నారు: "బాగున్నామని చెప్పి ఫోన్లు పెట్టేయండర్రా! ఆ అమ్మాయికి పురిటినొప్పులొస్తున్నాయి, పడవ కోసం చేసేవాళ్ళకి లైను దొరకొద్దూ?" నేనేదో ధైర్యం చెప్పబోయాను. "మీరు కూడానూ! పెట్టేయండి బాబూ" అని కట్ చేసేశారు.

పడవొచ్చింది. ఆ అమ్మాయి ఆస్పత్రిలో క్షేమంగా బిడ్డని కంది.

ఇప్పుడు ఆ టవరు మాటలతో పాటు ఇంటర్నెట్టు కూడా మోస్తోంది. నేనింకా ఇదే పనిలో ఉన్నాను. కొత్త సైటు చూడటానికి వెళ్తే, దాని కింద ఎవరుంటారో ముందు కనుక్కుంటాను. అది ఆవిడ వల్ల అబ్బిన అలవాటే.

ఆ ఏడాది వరద నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి మెట్ల నిండా బురద. పైన టవరు కాళ్ళ మధ్య, ఊరి బడిపిల్లల తడిసిన పుస్తకాలు పరిచి ఉన్నాయి. టీచరుగారు ఎండలో పీట వేసుకుని, అంటుకుపోయిన కాగితాల్ని పిన్నీసుతో ఒక్కొక్కటే విడదీస్తున్నారు.