బాపుకు అర్థమయ్యే బొమ్మ

మొన్న మా తమ్ముడు పరీక్షల దిగులేదో ఫోన్‌లోని ఏఐకి చెప్పుకుంటుంటే, "మీ బాధ నాకు అర్థమైంది" అందది. నాకు బచ్చన్నపేటలోని మా ఇల్లు గుర్తొచ్చింది.

అప్పటికి నాకు ఆరేళ్లు. అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. పత్తి అమ్మడానికి పోయిన బాపుకు పక్కింటి యాదమ్మక్క ఫోన్ చేసింది. "కాసేపాగి ప్రయత్నించండి" అంది ఒకామె గొంతు. బాపు ఎక్కడున్నాడో ఆమెకు తెలుసనీ, కావాలనే చెప్పడం లేదనీ అనుకున్నాను.

ఫోన్ లాక్కుని, "మా అమ్మకు నొప్పులొస్తున్నయ్, బాపుకు జర చెప్పవా!" అని ఏడ్చాను. ఆమె మళ్లీ అదే మాట అంది.

ఆటో వచ్చింది. యాదమ్మక్క సుద్దముక్కతో తలుపు మీద "జనగామ దవాఖానకు పోయినం" అని రాసింది.

"అక్కా, బాపుకు చదువు రాదు గదా!"

"అయ్యో, మరెట్లనే?"

సుద్దముక్క తీసుకుని పెద్ద పొట్టతో అమ్మను, పక్కన ఆటోను, సూది పట్టుకున్న నర్సమ్మను గీశాను.

అమ్మ ఎప్పుడూ చూపించుకునే దవాఖానకే పొద్దుగూకే వేళకు బాపు పరుగున వచ్చాడు. అప్పుడే పుట్టిన తమ్ముణ్ణి చూడకముందే నన్ను ఎత్తుకున్నాడు.

"రాత ఒక్కటే ఉంటే పరేషానై వాకిట్లనే కూసుందును. నా బిడ్డ నా తలకాయతోని ఆలోచించింది!" అని వార్డులో అందరికీ చెప్పాడు.

ఫోన్‌లో వినిపించింది రికార్డు చేసిన గొంతనీ, దానికి ఎవరి గోడూ తెలియదనీ పెద్దయ్యాక తెలిసింది. తర్వాత చాలామంది మెచ్చుకున్నారు గానీ, బాపు చేతుల్లో ఉండి విన్న ఆ మాటంత గొప్పగా ఏదీ అనిపించలేదు.