నాభి అనే మాటకు అర్థం

దొర దగ్గర నిఘంటువు పని చేసిన పండితుడంటే నాకు గిట్టదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అయినా గిట్టదు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు గాని, ఆ మాట చెప్పేవాళ్ళెవరూ ఆయన పక్కన నాలుగు నెలలు కూర్చోలేదు.

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీది బంగళాలో మా పని. దొర మొక్కల పేర్లు అడిగేవాడు, పండితుడు అర్థమూ వ్యుత్పత్తీ చెప్పేవాడు, నేను శుభ్రంగా తిరగరాసేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. దొరకి తెలుగు సగమే వచ్చు కనుక పండితుడి రోజులు హాయిగా గడిచిపోయేవి.

ఒక వారం లిల్లీల వంతు వచ్చింది. దొర లెక్కలో కలువా లిల్లీయే, దొడ్లో తెల్లగా పూసే విషమూంగిలీ లిల్లీయే, వానాకాలం కంచెలకు పాకి మంటలా పూసే అడవినాభీ లిల్లీయే. చెంగలువ అంటే ఎర్రకలువ అని పండితుడు చెప్పాడు, బాగానే ఉంది. తొగ అన్నా ఎర్రకలువేనని, అందుకే చంద్రుణ్ణి తొగలరేడు అంటారని చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. తరువాత అడవినాభి దగ్గరికి వచ్చాడు. నాభి అంటే బొడ్డు, విష్ణువు బొడ్డులోంచి తామర పుట్టింది, కనుక ఇది అడవితామర, దీని దుంప కలువదుంపలాగే ఉడికించి తినదగినది అని రాయమన్నాడు.

నా కలం ఆగిపోయింది. మా పట్టిసీమ వైపు నాభి అంటే విషం. ఆ తీగ అదేనని మా అక్కకు తెలియలేదు. నా ఎనిమిదో ఏట, ఇంట్లో గింజలు నిండుకున్న రోజుల్లో, పూలు రాలిపోయిన తీగ కింద దుంప తవ్వి కూరదుంప అనుకుని ఉడికించింది. మాకు పెట్టేముందు ఉడికిందో లేదో చూద్దామని తను తింది. రెండు రోజులు బాధపడి పోయింది. ఆ తీగ పేరు మా అమ్మ నాకు ఆ తరువాతే చెప్పింది.

అర్థం తప్పండి, అది విషమండి అన్నాను. పండితుడు తలెత్తకుండానే, సంస్కృతం చదివావుటోయ్ అని అడిగాడు. లేదన్నాను. అయితే నోరు మూసుకుని రాయమన్నాడు. రాశాను. ఆ రాసినందుకు నా చేతిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

మర్నాడు అడవినాభి దుంప ఉడికించి, తొక్క తీసి, ఆకులో పెట్టి, దొర చూస్తుండగా పండితుడి ముందు ఉంచాను.

"తినదగినదని తమరే సెలవిచ్చారు కదండీ. ముందు తమరు రుచి చూడండి."

ఆయన ఇవాళ ఉపవాసం అన్నాడు. రేపు తెస్తానన్నాను. పరాయి చేతి వంట ముట్టనన్నాడు. అయితే ఇంట్లోనే వండించుకోండి, పచ్చిది కూడా తెచ్చానండి అని ఇంకో దుంప తీశాను. మింగలేక కక్కలేక ఆకు కేసి చూస్తూ కూర్చున్నాడు. సంగతేమిటని దొర అడిగితే మా అక్క విషయం చెప్పాను. దొర కాగితం తీసి ఆ వాక్యం కొట్టేశాడు.

అప్పుడు పండితుడు, నాభికి విషమనే అర్థం తనకు ముందే తెలుసని, రాసేవాడు తప్పు రాశాడని అన్నాడు. నెల తిరక్కుండా పొగరుబోతునని నన్ను పనిలోంచి తీయించాడు.

కొన్నేళ్ళకు ఒక సర్కారు కచేరీలో ఆ నిఘంటువు అచ్చుప్రతి చూశాను. అడవినాభి దగ్గర విషమనీ, దుంప తినరాదనీ ఉంది. మొదటి పేజీలో పండితుడి పేరుంది. అక్కడి గుమాస్తా ఆయన పాండిత్యాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఆ అర్థం పండితుడిది కాదండి, మా అక్క చెప్పింది అన్నాను.

"అలాగాండీ. ఆవిడ ఏం చదువుకున్నారండీ?" అని అడిగాడు.