డాసన్ అంటే ‘డా’ కొడుకు

కువైట్ సిటీలో నేను పనిచేసే కార్యాలయంలో అందరూ నన్ను మా నాయన పేరుతో పిలుస్తారు. నా పాస్‌పోర్టు దరఖాస్తు నింపిన ఏజెంటు ‘సర్‌నేమ్’ అన్న గడిలో ఇంటిపేరుకు బదులు తండ్రి పేరు రాశాడు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చూసి కూడా అది పొరపాటని గుర్తించలేదు. డిగ్రీ పట్టాలో మాత్రం ఇంటిపేరే ఉంది. మా కుటుంబంలో మొదటి పట్టా అది.

నేను చేసేది ఫైళ్ల పని. ఇక్కడి నివాస కార్డు ఇఖామాలో మాత్రం నా హోదా ఇప్పటికీ ‘కూలీ’. పట్టా చెల్లితేనే అది ‘గుమాస్తా’ అవుతుంది. సర్కారు కాగితాలు తిప్పే మా కంపెనీ మందూబ్ ఆ పట్టాను మూడోసారీ వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“నామ్ అలగ్, ఆద్మీ అలగ్. పాస్‌పోర్ట్ బదల్ కే ఆవ్. ఖలాస్.”

పేరు వేరైతే మనిషీ వేరేనట, పాస్‌పోర్టు మార్చుకుని రావాలట, అంతేనట. పక్కనే ఉన్న మా విభాగపు ఇంజనీరు ఆ కాగితాలను చూశాడు. ఆయన ఇంగ్లండువాడు, ఇంటిపేరు డాసన్.

“నా పేరులోనూ ఒక తండ్రి ఉన్నాడు,” అన్నాడాయన ఇంగ్లీషులో. “డేవిడ్ అనే పేరును పూర్వం ముద్దుగా ‘డా’ అనేవారు. సన్ అంటే కొడుకు. డా కొడుకు డాసన్.”

“అయితే మీ నాన్నగారి పేరు డేవిడా సార్?”

“కాదు. మా తాతదీ కాదు. ఎన్ని వందల ఏళ్ల కిందటి డేవిడో! అతని మనవడిని కూడా డాసన్ అన్న రోజునే అది తప్పైపోయింది. ఎవరూ దిద్దలేదు.”

“మిమ్మల్ని ఏ మందూబూ వెనక్కి పంపలేదా సార్?”

ఆయన గట్టిగా నవ్వాడు. నేను నిజంగానే అడిగాను.

శుక్రవారం రెండు బస్సులు మారి మంగఫ్ వెళ్లాను. మా నాయన అక్కడి లేబర్ క్యాంపులో ఉంటాడు. మంచం మీద కూర్చుని పని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు.

“నాయనా, పాస్‌పోర్టులో నీ పేరు తీసేసి ఇంటిపేరు పెట్టాల.”

“పెట్టు. దీనికి ఇంత దూరం రావాల్నా? ఫోన్ల్యా జెప్తే సరిపోదా?”

“ఆఫీసులో అందరూ నన్ను నీ పేరుతోనే పిలుస్తాండారు.”

సూది ఆగింది. “నా పేరుతోనా? ఆ ఇంగ్లీషాయన గూడానా?”

“ముందర మిస్టర్ అని పెట్టి.”

“ఓరి నీ! ఈడ నన్ను నా పేరుతో పిల్చినోడే ల్యాడు గదరా. నా పాస్‌పోర్టు రాసింది గూడా ఆ ఏజెంటే. ఫోర్‌మన్ పొద్దన లేస్తే మీ జేజినాయన పేరు బెట్టి అరుస్తాడు. పాపం, మా నాయన బతికినన్నాళ్లూ ఊరు దాటల్యా. ఈడ మాత్రం రోజూ తిట్లు తింటాండాడు.”

ఇద్దరం నవ్వాం. ఆయన ముందుగా ఆపేశాడు.

“మార్చుకో. మనింట్లో కూలీ అని రాసిండే కార్డు నాదొక్కటి చాలు.”

ఆదివారం దరఖాస్తు నింపాను. సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు రాశాను. కింద ‘తండ్రి పేరు’ అన్న గడి కనిపించింది. అందులో నాయన పేరును గడి నిండేంత పెద్ద అక్షరాలతో రాసి, చదువుకుని, మందూబ్‌కు ఇచ్చాను.

మధ్యాహ్నం డాసన్ ఒక ఫైలు కోసం నన్ను అలవాటు ప్రకారం మా నాయన పేరుతోనే పిలిచి, నాలుక కరుచుకున్నాడు. “క్షమించాలి. కొత్త పేరు చెప్పండి, ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటాను.”

“పాస్‌పోర్టు రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది సార్,” అన్నాను. “అంతవరకు ఇలాగే పిలవండి.”