పని నేర్పినవాడి పేరు

మైకు మీద వేలితో కొట్టి "హలో, హలో" అనగానే చెవులు చిల్లులు పడేలా ఒక కీచు శబ్దం వస్తుంది చూడండి, అది వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిన్న బంగారుపేటలో వ్యాపారుల విందుకు వెళితే మళ్ళీ అదే కీచు. పరిచయం చేసే అమ్మాయి చేతిలో ఓ కాగితం. అందులో అతిథి డిగ్రీలున్నాయి, సన్మానాలున్నాయి, విదేశీ ప్రయాణాలున్నాయి. మనిషి మాత్రం ఎక్కడా లేడు. నాకు మునిస్వామి గారు గుర్తొచ్చారు.

నేను మొదట ఉద్యోగంలో చేరిన యంత్రభాగాల కంపెనీలో ఆయన ఆఫీసు సూపరింటెండెంటు. బంగారు గనులుండే ఊరిగాంలో పుట్టిన గని కార్మికుడి కొడుకు. మా యజమాని ఏటా కొనుగోలుదారులకు విందు ఇచ్చేవారు. ఆ విందులో యజమానినీ, ప్రసంగించడానికి వచ్చిన అతిథినీ సభకు పరిచయం చేసే పని మునిస్వామి గారిదే. చేతిలో కాగితం ఉండేది కాదు. ముందుగా అతిథి దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్క మాట అడిగేవారు: "మీకు పని నేర్పించినోళ్ళు ఎవురు సార్?" మైకులో ముందు ఆ పేరు చెప్పేవారు, డిగ్రీలు ఆ తర్వాతే. ఒకసారి ఓ పెద్ద ఇంజనీరు, తనకు రంపం పట్టడం నేర్పిన వడ్రంగి పేరు అంతమందిలో వినబడగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎందుకు సార్ అట్లా అడుగుతారు?" అన్నాను ఒకరోజు.

"మా నాయన గనిలోకి దిగినప్పుడు పేరు అడగలేదంటమ్మా. 'ఎవురి చెయ్యి నువ్వు?' అని అడిగినారంట. ఎవురి దగ్గర నేర్చుకున్నాడో తెలిస్తే, వాడి పక్కన నిలబడొచ్చునా లేదా తెలిసిపోతాది. పైన ఉండేవాళ్ళకే ఇంగ అది అక్కర్లేకుండా పోయింది" అన్నారు.

ఆయన పదవీ విరమణ చేసే ఏడాది యజమాని కొడుకు పెత్తనానికి వచ్చాడు. నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని ఆ ఏటి విందులో పరిచయాలు నాకు అప్పగించాడు. అన్నేళ్ళు ఆ పని చేసిన పెద్దమనిషిని గుమ్మం దగ్గర పన్నీరు చల్లడానికి నిలబెట్టాడు. నేను మునిస్వామి గారి పద్ధతిలోనే అతిథిని అడిగాను. ఒకప్పుడు మా స్టోర్సులోనే పనిచేసి, తర్వాత సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్న మనిషి ఆయన.

"ఇంగెవురమ్మా, మీ మునిస్వామన్నే. బోల్టుకీ నట్టుకీ తేడా తెలీకుండా వచ్చినాను నేను" అని నవ్వాడు.

ఎంత సంతోషమైందో! ఆ వాక్యమే మొట్టమొదట రాశాను. అదే ఆయనకు మేమిచ్చే వీడ్కోలు అవుతుందనుకున్నాను. చిన్న యజమాని కాగితం లాక్కుని, ఆ పేరు అడ్డంగా కొట్టేశాడు.

"వాకిట్లో నిలబడినోడి పేరు చెప్తే మన పరువు ఏం కావాల? మా నాయన నేర్పించినాడని రాయి" అన్నాడు.

మొదటి ఉద్యోగం, భయం. రాశాను. మైకు ముందు నిలబడి, తడబడకుండా చదివాను కూడా. ఆ అతిథి అది తప్పని ఒక్క మాట అనలేదు. తల వంచుకుని చప్పట్లు కొట్టాడు! పెద్ద యజమాని లేచి అందరికీ నమస్కారం పెట్టాడు. గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డి పట్టుకుని మునిస్వామి గారు అంతా విన్నారు. వాళ్ళకు సిగ్గు లేదు సరే, నాకేమైంది?

భోజనాలయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి, "కాగితంలో వాళ్ళే అట్లా రాయించినారు సార్" అన్నాను.

"కాగితం వాళ్ళదేలేమ్మా. గొంతు ఎవురిది?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మునిస్వామి గారు ఇప్పుడు లేరు. ఆ కంపెనీ వదిలేసి నేను బయటపడ్డాను, ఎన్నో సభల్లో ఎందరినో పరిచయం చేశాను. కానీ ఆ సాయంత్రం ఆ హాల్లో కూర్చున్నవాళ్ళు ఆ అబద్ధాన్ని ఇప్పటికీ నిజమనే అనుకుంటూ ఉంటారు. చెప్పింది నేనే కదా.