శ్రమకాలంలో అవ్వ చాట

ముందే చెప్పేస్తాను, ఆ తీర్మానం నాది. మా పాస్టరు అయ్యగారిది కాదు, సంఘ పెద్దలదీ కాదు. 2012లో శ్రమకాల దినాలు మొదలయ్యే ముందటి ఆదివారం, ఎల్లారెడ్డిలో మా చిన్న చర్చిలో లేచి నిలబడి, ఈ నలభై దినాలు మన ఇండ్లలో పొగాకు ముట్టకూడదని అన్నది నేనే. తాగేవాళ్లు తాగడం మానాలి, చుట్టేవాళ్లు చుట్టడం మానాలి అన్నాను. తాగేవాళ్లు చాటుమాటుగా నలుగురైదుగురు ఉన్నారు. బీడీలు చుట్టేది మాత్రం సంఘం మొత్తానికి మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఒక్కతే.

అందరూ మెచ్చుకున్నారు. ఏటా అవే మాంసం మానడాలు, పూలు మానడాలు విని విసిగిపోయిన అయ్యగారికైతే ప్రాణం లేచొచ్చింది. ఎవరు ఏం మానుతారో చీటీ మీద రాసి, బల్ల ముందున్న పెట్టెలో వేయాలని చెప్పారు. అవ్వకు చదువు రాదు. "నాది నువ్వే రాయి బిడ్డా" అంది. "ఈస్టరు దాకా బీడీలు చుట్టను" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. చదివి వినిపిస్తే కాసేపు నా మొఖం చూసి, చీటీ మడిచి తనే పెట్టెలో వేసింది.

అప్పుడు నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. పొద్దున బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే. మా స్టాఫ్‌రూంలో చాలామంది దోమకొండ, సదాశివనగర్ వైపు భూములున్న ఇండ్లవాళ్లు. వాళ్లలో ఒకామె ఒకసారి మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే తుమ్ములు మొదలయ్యాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "గీ ఘాటుల ఎట్ల ఉంటరు మేడం" అంది. పాపం, ఎగతాళికి కాదు. కానీ ఆ తరువాత నేను ఎవర్నీ ఇంటికి పిలవలేదు.

పదో తరగతి దాకా నేనూ చుట్టాను. బడి నుంచి రాగానే తడిగుడ్డలో చుట్టిన తునికాకు కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేదాన్ని. పాసైన రోజు ఆ చాట గోడకు ఆనించి, ఇక ముట్టనన్నాను. ముట్టలేదు. అవ్వ మాత్రం బాపు పోయాక కూడా ఆపలేదు. నాకు ఉద్యోగం వచ్చాకా ఆపలేదు. ఆమెకు ఒక బీడీ కార్డుంది. దాని మీద ఆమె ఫొటో, ఆమె పేరు. రేషను కార్డు బాపు పేరున, కరెంటు మీటరు తాత పేరున ఉన్న ఇంట్లో ఆమె పేరుతో మొదలయ్యే కాగితం అదొక్కటే. చాన్నాళ్లు బీడీలు ఇవ్వకపోతే, ఆకూ తంబాకూ పంచే టేకేదారు ఆ పేరు కొట్టేస్తాడు.

అది నాకు తెలుసు. తెలిసే రాశాను. కార్డు పోతే పీడ పోతుందనుకున్నాను. నా సిగ్గుకు దేవుడి పేరు పెట్టుకున్నాను.

మార్చి సగానికి ఒంటిపూట బడులొచ్చాయి. మొదటి రోజు ఎండలో పడి రెండింటికి ఇంటికి చేరేసరికి మా అరుగు నిండా ఆడవాళ్లు. వాడకట్టు వాళ్లే. నలుగురు చాటలు ఒళ్లో పెట్టుకుని చుడుతున్నారు. ఈ నలుగురికీ చర్చి గడప తెలియదు. అవ్వ మధ్యలో చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆమె పక్కన ఆమె గంప ఉంది, అందులో బీడీ కట్టలున్నాయి.

"చుట్టనని చెప్పి ఇదేందవ్వా" అని గట్టిగానే అడిగాను.

పక్కింటి పెద్దమ్మ దారం కొరికి అంది. "మీ అవ్వ ఒక్క బీడీ ముట్టలేదు బిడ్డా. గంప ఖాళీగుంటే టేకేదారు ఊకుంటడా? మావి అయినంక తలా కొన్ని ఈ గంపల ఏస్తున్నం. ఆమె మాట ఆమెకుంటది, కార్డు కార్డుకుంటది."

పెద్దమ్మ వదల్లేదు. "శ్రమల దినాలు శ్రమల దినాలు అంటరు గదా. మీ దాంట్ల శ్రమంటే పని బంద్ జేసుడానె?"

అందరూ నవ్వారు, అవ్వతో సహా. చర్చిలో శ్రమ అంటే ప్రభువు పడ్డ బాధ. ఆ అరుగు మీద శ్రమ అంటే పొద్దంతా వంగి కూర్చుంటే పట్టేసే నడుము. రెండర్థాలూ పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పే పంతులమ్మను నేను. ఆ నవ్వు మధ్య నిలబడి నా మీద నాకే మండిపోయింది. నా గొప్ప తీర్మానాన్ని మూడు వారాలుగా మోస్తున్నది వీళ్ల నడుములు.

వాళ్లు వెళ్లాక అవ్వను బతిమాలాను. "రేపటిసంది నువ్వే చుట్టుకో. అయ్యగారికి నేను చెప్త."

"మాట అయ్యగారికిచ్చిన్నా? దేవునికిచ్చిన. ఈస్టరు దాకా ముట్ట."

ఆమె మొండితనం నాకు తెలుసు. అది నాకూ వచ్చింది. సరే అనుకుని, అటక మీద నుంచి పాత చాట దించాను.

మరుసటి రోజు మధ్యాహ్నం నుంచి ఆ అరుగు మీద అయిదో దాన్ని నేను. మొదట్లో నా బీడీలు వంకరపోయాయి. టేకేదారు ఒక కట్ట చేతిలోకి తీసుకుని, నొక్కి చూసి, మొత్తం పక్కకు పడేశాడు. మళ్లీ చుట్టాను. "టీచరమ్మా, జెర పిల్లల చెవులు మెలేసినట్టు మెలేయి" అని పెద్దమ్మ ఆటపట్టించింది. వారం తిరిగేసరికి వేళ్లకు పాత పని గుర్తుకొచ్చింది. రేపటి నుంచి గంపలో మీరు వేయొద్దని నలుగురికీ చెప్పాను. నడుము విరిగింది, మెడ పట్టేసింది, అయినా ఒక్క రోజు ఆపలేదు.

స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బా విప్పుతుంటే, ఆ తుమ్ములామె ముక్కు ఎగబీల్చి "ఏంది వాసన" అంది. "నా చేతులు. బీడీలు చుడుతున్న" అన్నాను. ఆమె చపాతీ తుంచడం ఆపి, మళ్లీ తుంచుకుంది. అంతకంటే ఏమీ జరగలేదు. ఈ మాత్రానికా ఇన్నేళ్లు భయపడ్డాను అనిపించింది.

శుభ శుక్రవారం నాడు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడడం మా దగ్గర ఆనవాయితీ. మొదటిది క్షమాపణ మాట. అది నాకిచ్చారు. పొగాకు కీడు మీద మూడు పేజీలు ముందే రాసి పెట్టుకున్నాను. నిలబడ్డాక ఆ కాగితాలు తీయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ నలభై దినాలు మా అవ్వ మాట నిలబెట్టుకుంది, నేను తప్పాను, మూడు వారాలుగా రోజూ పొగాకు ముట్టాను అన్నాను. మా అవ్వ పని చూసి సిగ్గుపడి, ఆ పని మాన్పించడానికి శ్రమకాలాన్ని వాడుకున్నాను, నన్ను క్షమించండి అన్నాను. అయ్యగారు తల వంచుకున్నారు. ఎవరూ ఆమెన్ అనలేదు.

మూడు దాటాక ఎండలో ఇద్దరం ఇంటికి నడుస్తున్నాం. అవ్వ నెత్తి మీద కొంగు కప్పుకుని నాకంటే ఒక అడుగు ముందు నడుస్తోంది. చర్చిలో అందరినీ అడిగాను గానీ ఆమెను విడిగా అడగలేదు.

"అవ్వా, నీ పనికి సిగ్గువడ్డ. నన్ను క్షమించు" అన్నాను చివరికి.

"ఎరికే" అంది. "చీటీ రాసిన నాడే ఎరికె."

"ఎరికుండి ఎందుకు మాటిచ్చినవ్?"

"నీ సిగ్గు పోవాలెనని. ఈ నలబై దినాలు దాని కోసమే ముట్టకుండ ఉన్న." నాలుగడుగులు వేసి, నా వైపు చూడకుండానే అడిగింది. "పోయిందా మరి?"

ఆ రోజు, ఆమెతో అబద్ధమాడబుద్ధి కాలేదు. సగం పోయిందన్నాను.