ప్రపంచానికి రోజుకి నాలుగున్నర వేలు

శ్రీలంకకీ, వియత్నాంకీ, జార్జియాకీ, ఇంకా వీసా ఇస్తామన్న ప్రతి దేశానికీ కలిపి ఒకే రేటు కట్టిన మొనగాణ్ణి నేను. ప్రపంచం తిరగడానికి నాకూ మా ఆవిడకీ, గదీ తిండీ తిరుగుడూ అన్నీ కలిపి రోజుకి నాలుగు వేల ఐదు వందలు. మూడు వందల రోజులు. దేశం ఏదైనా సరే, పైసా పెరగదు. ఇలాంటి పథకం నరసన్నపేట బజారులో ఇంతవరకు ఎవడూ వెయ్యలేదని ఊరంతా చెప్పుకుని తిరిగాను. నిజమే, ఎవడూ వెయ్యలేదు.

మాది స్టీలు సామాన్ల కొట్టు. మురికి కాలవ మీద నుంచి మూడు మెట్లెక్కితే కొట్టు. మా బేరాలన్నీ ఆ మెట్ల మీదే తేలేవి. బిందె కొనడానికి వచ్చినావిడ రేటు నచ్చక లేచి మొదటి మెట్టు దిగుతుంది. నాన్న పట్టించుకోడు. రెండో మెట్టు దిగుతుంది. నాన్న గల్లాపెట్టె సర్దుకుంటున్నట్టు తల దించుకుంటాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టేసరికి, "ఒలమ్మా, ఇలా రా, ఎంతకిమ్మంటావో సెప్పు" అంటాడు. ఆవిడకీ తెలుసు పిలుస్తాడని, నాన్నకీ తెలుసు ఆగుతుందని. మెట్లు దిగకుండా కొన్న మనిషిని మేం అమాయకుల కింద జమకట్టేవాళ్ళం. నేను ఎనిమిదేళ్ళప్పుడే ఎదుటి కొట్లో మెట్లు దిగడం నేర్చుకున్నాను.

మా ఆవిడ మా మేనమామ కూతురు. గరివిడిలో ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పెరిగింది. మా ఇంట్లో రోజు లెక్క, వాళ్ళింట్లో నెల లెక్క. మేం సాయంత్రం గల్లా కట్టి, ఆ రోజు మిగిలిందా పోయిందా చూసుకుని అన్నం తినేవాళ్ళం. మా మావయ్య ఒకటో తారీఖున జీతం తెచ్చి, బియ్యం బస్తా వేయించి, ఇంక ముప్పయ్యో తారీఖు దాకా డబ్బు మాటెత్తేవాడు కాదు. అలాంటి ఇల్లు కూడా ఉంటుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది.

ఈ తిరుగుడు కోసం హైవే పక్కనున్న మా జాగా అమ్మితే పద్దెనిమిది లక్షలు వచ్చాయి. రోజు ఖర్చుకి పదమూడున్నర లక్షలు, విమానాలకీ వీసాలకీ విడిగా నాలుగున్నర. కొట్టు ఏడాదికి మా తమ్ముడికి అప్పజెప్పాను. మా ఆవిడ శ్రీకాకుళంలో చేస్తున్న స్కూలు ఉద్యోగం మానేసింది. నేను లెక్క రాసిన కాగితం నాన్న అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒరే, రోజుకి నాలుగున్నర వేలు పెట్టి ఏటి తింతార్రా మీరు?"

"అక్కడ రేట్లు వేరు నాన్నా."

"రేట్లు వేరైతే అన్నిటికీ ఒకటే ఎలా ఏసినావు?"

సగటు అని చెప్పాను. ఆయన కాగితం తిరిగిచ్చేశాడు.

మా ఆవిడ లెక్కలేవీ చూడలేదు. ఒక్కటే అడిగింది.

"బావా, ఎక్కడైనా సరే, ఒక్క నెల ఒక్క సోట ఉండాల. వంటిల్లు ఉన్న గది. రోజూ బజారుకెల్లి కూరగాయలు నేనే తెచ్చుకోవాల. ఆ కూరలమ్మే మనిషి నన్ను సూసి, నిన్న పట్టుకెల్లిన వంకాయలు బాగున్నాయేటి అని అడగాల. అంతే."

"ఆవిడ భాష నీకేం తెలుస్తాది?"

"నెల రోజులుంటే తెలుస్తాది."

సరే అన్నాను. మూడు వందల రోజుల్లో ముప్పై రోజులు ఏపాటివి? మాటిచ్చేశాను.

బయల్దేరిన మొదటి వారంలోనే నా కాలికి దురద పట్టుకుంది. ఒక గదిలో దిగి చెప్పులు విప్పేలోపే ఫోన్లో రెండు వీధుల అవతల గది నూటయాభై తక్కువకి కనిపించేది. ఇంక కూర్చోలేను. తెల్లారగానే సంచులు కట్టించేవాణ్ణి. శ్రీలంకలో కాండీ అనే ఊళ్ళో నాలుగు రోజుల్లో మూడు గదులు మారాం. వియత్నాంలో ఒక నది ఒడ్డున మంచి గది దొరికింది, కిటికీ తీస్తే పడవల మీద కూరగాయలు పోతుంటాయి. మా ఆవిడ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఒక పడవలో ఆవిడకి చెయ్యూపేది. మూడో రోజుకి ఆ పడవావిడ కూడా చెయ్యూపింది. నాలుగో రోజు శనివారం. శనాదివారాలు గది రేటు రెండు వందలు పెరుగుతుందన్నారు. బస్సెక్కించేశాను.

"ఇక్కడే ఉండిపోదామా నెల?" అని బస్సెక్కే ముందు అడిగింది.

"ఇంకా సగం కూడా తిరగలేదు. ముందుముందు ఇంకా మంచిది దొరుకుతాది."

నెలకి ఒకేసారి కట్టాలంటే నా చెయ్యి వచ్చేది కాదు, అసలు సంగతి అదీ. ఒక్క రోజులో ముప్పై వేలు పోతే ఆ సాయంత్రం గల్లా ఎలా కట్టాలి? అది ముప్పై రోజుల డబ్బేనని బుర్రకి తెలుసు. చెయ్యి ఒప్పుకోదు. రోజూ సాయంత్రం చిన్న పుస్తకంలో గీత కొట్టి, నాలుగు వేల నూట ఇరవై, మూడు వేల తొమ్మిది వందలు అని రాసుకుని ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఊపిరి పీల్చుకున్నాక మళ్ళీ ఫోన్ తీసేవాణ్ణి. ఎనభై ఎనిమిది రోజుల్లో నలభై ఒక్క గదులు మారాం. మిగులు ముప్పై ఐదు వేల రెండు వందలు. సముద్రాలూ కొండలూ ఏం చూశావని ఎవరైనా అడిగితే చప్పున చెప్పలేను గాని, ఏ ఊళ్ళో గది ఎంతో ఇప్పటికీ అప్పజెప్పగలను.

ఎనభై తొమ్మిదో రోజు జార్జియాలో ఒక కొండ ఊళ్ళో ఉన్నాం. ఆ గది మా ఆవిడే చూసింది, బజారుకి దగ్గర్లో. చెక్క మెట్లెక్కితే పైన గది, రెండు పొయ్యిలున్న వంటిల్లు, బట్టలారేసుకునే వరండా. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. మాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి మాది రాదు. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి మధ్యలో పెట్టుకున్నాం. నెలకి అద్దె, మన డబ్బుల్లో ముప్పై ఆరు వేలు నొక్కింది. రోజుకి పన్నెండు వందలు. అప్పటిదాకా నేను కడుతున్నది పద్దెనిమిది వందలు. ఎవడైనా కళ్ళకద్దుకుని తీసుకుంటాడు.

నేను ముప్పై నొక్కాను.

ఆవిడ నవ్వి ముప్పై నాలుగు నొక్కింది. నేను మళ్ళీ ముప్పై. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

"బావా, ఒప్పీసుకో."

"నువ్వుండు. ఇంకా దిగుతాది."

సంచి భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి నడిచాను. ఒక మెట్టు దిగాను. రెండు. మూడో మెట్టు మీద కాస్త ఎక్కువసేపే ఆగాను. ఆ ఇంటికి పదకొండు మెట్లు. పదకొండూ దిగాను. ఎవరూ పిలవలేదు. పైకి చూస్తే ఇంటావిడ చీపురు పట్టుకుని వరండా ఊడ్చుకుంటోంది. కోపం లేదు, ఏమీ లేదు. రేటు నచ్చలేదు కాబట్టి వెళ్ళిపోతున్నాడనుకుంది, అంతే. మా ఆవిడ ఇంకా పైనే, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"రా, పిలుస్తాది సూడు," అన్నాను కింద నుంచి.

"ఆవిడిది నరసన్నపేట కాదు బావా. నువ్వే ఎక్కిరా."

ఎక్కి ఉంటే అయిపోయేది. దిగినవాడు తనంతట తాను తిరిగి ఎక్కితే మా బజారులో వాడి మొహం ఎవరూ చూడరు. ఆ వీధిలో మా బజారువాడు నేను తప్ప ఎవడూ లేడు. అయినా ఎక్కలేదు. మా ఆవిడ తన సంచి తనే మోసుకుంటూ పదకొండు మెట్లూ దిగింది.

ఆ తర్వాత పన్నెండు రోజుల్లో ఆరు గదులు మారాం. ఆ కొండల్లో అప్పుడు సీజను, రోజుకి రెండు వేల రెండు వందలకి తక్కువ గది లేదు. ప్రతి సాయంత్రం ఖర్చు నాలుగున్నర వేల గీత దాటిపోయేది. మా ఆవిడ పోట్లాడలేదు. అడిగిన దానికి జవాబు చెప్పేది, పెట్టింది తినేది. బజారు మీదుగా నడుస్తున్నప్పుడు మాత్రం కూరగాయల వైపు చూసేది కాదు. పదకొండో రోజు నేనే అన్నాను, వెనక్కెళ్ళి ఆ గది తీసుకుందామని, ముప్పై నాలుగుకే. వ్యానులో ఐదు గంటలు. ఈసారి పదకొండు మెట్లూ నేనే ముందు ఎక్కాను. గుమ్మం దగ్గర ఎవరివో నాలుగు జతల బూట్లున్నాయి. ఇంటావిడ మమ్మల్ని గుర్తుపట్టింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని, లోపల గదివైపు చూపించి, అయ్యో అన్నట్టు తల ఊపింది.

కిందకి దిగాక మా ఆవిడ అంది, "నాకు ఇంటికి టికెట్ తియ్యి. రేట్లు సూడకు."

"వేరే ఊళ్ళో చూద్దాం. నెలకే. బేరమాడను, ఒట్టు."

"ఆడతావు బావా. నీ సేతిలో లేదు అది."

మర్నాడు పంపించాను. ఒక్కణ్ణే తిరుగుతాను, ఖర్చు సగమవుతుంది అనుకున్నాను. అవదు. గదికి ఒకడైనా ఇద్దరైనా అదే అద్దె. అదీ గాక, పొద్దున్నే సంచి కట్టుకుంటే ఎటు వెళ్ళాలో తెలిసేది కాదు. బస్టాండుకి వెళ్ళి, బోర్డులు చదివి, తిరిగొచ్చి అదే గది తీసుకునేవాణ్ణి. మా ఆవిడ గరివిడిలో పుట్టింటి నుంచి ఫోన్ చేసింది.

"తిన్నావేటి?"

"తిన్నాను. మూడు వందల అరవై తీసుకున్నాడు, ఇంతా చేస్తే..."

"రేటు అడగలేదు నేను."

నూట పదకొండో రోజు నేనూ వచ్చేశాను. కొట్టు మెట్లెక్కుతుంటే నాన్న లెక్కల పుస్తకం కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. ముందు నేను కూడాలి.

మొదటి ఎనభై ఎనిమిది రోజులకి మూడు లక్షల అరవై వేల ఎనిమిది వందలు. మెట్లు దిగిన తర్వాత పన్నెండు రోజులకి అరవై ఒక్క వేల ఎనిమిది వందలు. ఒక్కణ్ణే తిరిగిన పదకొండు రోజులకి ముప్పై తొమ్మిది వేల ఆరు వందలు. ఆవిడ తిరుగు టికెట్టు ముప్పై ఒక్క వేల ఐదు వందలు, నాది ముప్పై నాలుగు వేల మూడు వందలు. అంతకు ముందు విమానాలూ వీసాలూ లక్షా డెబ్బై ఆరు వేల నాలుగు వందలు. వీటిని విడిగా పెట్టుకుని రోజు ఖర్చు తక్కువని మురిసిపోయాను, ఇప్పుడు కలిపేస్తున్నాను. మొత్తం ఏడు లక్షల నాలుగు వేల నాలుగు వందలు. నూట పదకొండుకి పంచితే రోజుకి ఆరు వేల మూడు వందల నలభై ఆరు. బ్యాంకులో మిగిలింది పది లక్షల తొంభై ఐదు వేల ఆరు వందలు. బేరంలో మిగుల్చుదామనుకున్న నాలుగు వేలు రాలేదు కాబట్టి లెక్కలో వెయ్యలేదు. ఆవిడకి ఇస్తానన్నవి ముప్పై రోజులు. ఇచ్చినవి, సున్నా.