మీ గుంట బడికి రావటం లేదు

మొన్న ద్వారకా నగర్‌లో కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే ఒకావిడ కూరల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని, బొటనవేలితో తెరను గట్టిగా అదిమి మాట్లాడుతోంది. "ఒలే, నాను కాంప్లెక్సు కాడ ఉన్నాను. బియ్యం కడిగి ఉంచు. ఏటి, ఇంటన్నావా?" వేలు తీసింది. టుప్పుమని చిన్న చప్పుడు. మాట వెళ్ళిపోయింది. ఆ చప్పుడు వింటే నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. మా పెద్ద మేడం ఫోను మీంచి వేలు తీసిన ప్రతిసారీ మా బడిలో ఎవరో ఒకరికి కోపం వచ్చేది. ఆ కోపం వచ్చినవాళ్ళు ఆవిడను మొరటు మనిషి అన్నారు, బడి పరువు తీసిందన్నారు. కొందరు ఇప్పటికీ అంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా బడి హెడ్మిస్ట్రెస్, పేరు అప్పలనరసమ్మ. ఆ పేరును ఎక్కడా కుదించి రాసేవారు కాదు, సంతకం కూడా పూర్తిగా పెట్టేవారు. మల్కాపురంలో, రిఫైనరీ వాసన గాలివాటును బట్టి తరగతి గదుల్లోకి వచ్చిపోయే చోట, మాది ఒక ప్రైవేటు హైస్కూలు. నేను ఆఫీసులో సీనియర్ గుమాస్తాని. పిల్లల్లో ఎక్కువమంది పోర్టు కూలీల పిల్లలు, హార్బరు షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలు. కొందరు కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగాలకు వచ్చినవాళ్ళ పిల్లలు. మా నాన్న కూడా గోదావరి వైపు నుంచి పోర్టు పనికి వచ్చినవాడే. మేడంది పద్మనాభం దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశారు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడేవారు. తెలుగు మాట్లాడితే మాత్రం తన ఊరి తెలుగే. స్టాఫ్‌రూంలో కొందరు వెనకాల అనుకరించి నవ్వుకునేవారు. అది ఆవిడకు తెలుసు. తెలిసి కూడా ఒక్క అక్షరం సర్దుకోలేదు.

ఆవిడ వచ్చిన కొత్తలో నేను ఒక సర్క్యులర్ రాసి సంతకానికి తీసుకెళ్ళాను. "ఇందుమూలముగా తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి నిండుగా రాశాను. ఆవిడ చదివి కళ్ళజోడు తీశారు.

"మూర్తిగారూ, ఇది ఎవులికండీ?"

"తల్లిదండ్రులకు మేడం."

"ఏ తల్లికి? ఒక తల్లి పేరు సెప్పండి."

కిటికీలోంచి చూశాను. గేటు ఎదురుగా ఇడ్లీలు వేసే రమణమ్మ కనిపించింది. ఆమె పేరు చెప్పాను.

"రమణమ్మ మీ ఎదురుగా ఉంటే ఎలగ సెప్తారు?"

"రేపు ఒంటిపూట బడే, మధ్యాహ్నం వచ్చి పిల్లని తీసుకెళ్ళమ్మా అంటాను."

"మరదే రాయండి. మజ్జిన ఈ 'ఏమనగా' ఎందుకు, ఆవిడ ఇడ్లీలు మాడిపోడానికా?"

అప్పటిదాకా నా సర్వీసు మొత్తంలో నా 'ఇందుమూలముగా' మీద ఎవరూ చెయ్యి వేయలేదు. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు నాది. ఆనాటి పేజీలో "కొత్త మేడమునకు కార్యాలయ మర్యాద తెలియదు" అని రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. ఆ వాక్యాన్ని రమణమ్మకు చెప్పాలంటే మళ్ళీ వేరుగా చెప్పాలి.

కరోనా తర్వాత బళ్ళు తెరిచిన ఏడాది మా యాజమాన్యం ఒక యాప్ కొన్నది. ద్వారకా నగర్‌లోని హెడ్డాఫీసు నుంచి హాజరు, మార్కులు, సెలవులు అన్నీ నేరుగా ఇళ్ళలోని ఫోన్లకు వెళ్ళిపోతాయి. మాకు ఈమెయిల్లో నివేదిక వస్తుంది. సందేశం చేరిన ప్రతి పేరు పక్కనా ఆకుపచ్చ టిక్కు ఉంటుంది. ఇక మీదట క్లాసు టీచర్లు ఇళ్ళకు ఫోన్లు చేయనక్కరలేదని ఆదేశం కూడా వచ్చింది. అందరం సంతోషించాం. క్రమపద్ధతి అంటే ఇష్టపడే నాకు ఆ టిక్కులు మరీ నచ్చాయి. సందేశాలు ముందు ఇంగ్లీషులో తయారయ్యేవి, తర్వాత యంత్రమే తెలుగు చేసేది. "ప్రియమైన పేరెంట్, మీ వార్డు ఈ రోజు గైర్హాజరు." ఇంగ్లీషు బడి పరిభాషలో వార్డు అంటే మీ సంరక్షణలో ఉన్న బిడ్డ. మల్కాపురంలో వార్డు అంటే కార్పొరేషన్ వార్డు, వార్డు సచివాలయం, రేషను కార్డు, పింఛను. ఇంకో అర్థం ఉంటుందని అక్కడ ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

కొండమ్మ ఆఫీసు గుమ్మంలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. హార్బరు షెడ్లలో రొయ్యలు ఒలిచే పని ఆమెది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. కూతురు హేమ మా బడిలోనే పదో తరగతి.

"బాబూ, మా వార్డు పేరు తీసెత్తారటండీ. సచివాలయానికెల్తే మాకేటి తెల్దు, ఆ మెసేజీ బడిది, అక్కడడుగు అన్నారు. మా వార్డుని బడోళ్ళు తీసెయ్యడమేటి బాబూ? మరి మాకు రేసనెక్కడిత్తారు?"

ఫోను తీసుకుని చూశాను. మీ వార్డు గైర్హాజరు. మీ వార్డు గైర్హాజరు. పైకి జరిపినకొద్దీ అదే. అన్నిటికన్నా కిందిది మాత్రం వేరు. "స్పందన లేనందున మీ వార్డు పేరు తొలగించబడును." నేను చెప్పడానికి మాట వెతుక్కుంటుండగానే మేడం లోపలి గదిలోంచి వచ్చి ఆ ఫోను అందుకున్నారు.

"కొండమ్మా, వార్డంటే వార్డు కాదే. నీ గుంట. నీ గుంట బడికి రావటం లేదు."

ఇక్కడ గుంట అంటే గొయ్యి కాదు, ఆడపిల్ల. తల్లి ముద్దు చేసినా ఆ మాటే, తిట్టినా ఆ మాటే.

"ఓలమ్మో! రోజూ జడలేసి, కేరేజీ ఇచ్చి నానే పంపుతన్నాను కదమ్మా!"

కొండమ్మ ఆ తడి చేతులతోనే పిల్లను వెతకడానికి బయల్దేరింది. తర్వాత తెలిసింది. లెక్కల్లో మార్కులు రావడం లేదని హేమను క్లాసులో అందరి ముందూ నిలబెట్టి నవ్వారు. ఆ అవమానంతో పిల్ల యూనిఫాంలోనే ఇంట్లోంచి బయల్దేరి, పెద్దమ్మ ఇంట్లో కూర్చుని, సాయంత్రం బడి వదిలే వేళకు ఇంటికి వెళ్ళేది. పిల్ల బడిలో ఉందని తల్లి అనుకుంది. తల్లికి తెలుసని బడి అనుకుంది. మేడం నా చేత ఆ నివేదిక తెరిపించారు. హేమ పేరు పక్కన వరసగా ఆకుపచ్చ టిక్కులు.

"సూడండి మూర్తిగారూ. అన్నీ సేరిపోయేయి. ఒక్కటీ సెప్పలేదు."

ఆ సాయంత్రమే ఆఫీసు ఫోనులో తరగతి వారీగా వాట్సాప్ గ్రూపులు పెట్టించారు. టైపు చేయడానికి కూర్చున్న నన్ను ఆపి, తనే ఫోను తీసుకుని మాట్లాడారు. "నాను పెద్ద మేడంని మాటాడతన్నాను. అమ్మలూ, నాన్నలూ ఇనండి. ఇక మీ ఆడగుంటలు గానీ, మగగుంటలు గానీ బడికి రాకపోతే నానే సెప్తాను. మీరూ సెప్పండి. రాయడం రాకపోతే ఏటయింది, నోరుంది కదా." టుప్పుమని చప్పుడు. కాసేపటికి జవాబులు మొదలయ్యాయి. ఒకదాని వెనక క్రేన్ల మోత, ఒకదాని వెనక కుక్కరు ఈల. ఒక ముసలమ్మ పంపింది. "పెద్ద మేడమా, మా మనవడు బడి ఎగ్గొట్టి గడ్డం గీసుకుంటన్నాడు. తొమ్మిదో క్లాసోడికి అది అవసరమేటో అడుగు." మేడం మర్నాడు వాణ్ణి పిలిచి నిజంగానే అడిగారు. ఆ మనవడు మళ్ళీ బడి ఎగ్గొట్టలేదు.

అందరికీ నచ్చలేదు. స్టీలు ప్లాంటులో అధికారిగా ఉన్న ఒక తండ్రి, కృష్ణా జిల్లా మనిషి, ఈమెయిల్ పంపాడు. తన కూతుర్ని గుంట అనడం అవమానమనీ, క్షమాపణ చెప్పాలనీ. మేడం చెబుతుంటే నేను జవాబు టైపు చేశాను. "అయ్యా, మీ ఇంట్లో మీ అమ్మాయిని ఏమని పిలుస్తారో చెప్పండి. మీకు చెప్పేటప్పుడు ఆ మాటే వాడతాను. కొండమ్మ ఇంట్లో గుంట అనే అంటారు." మూడుసార్లు చదివించుకుని గానీ పంపనివ్వలేదు. ఆయన దగ్గర నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. "బుజ్జి." మేడం పకపకా నవ్వారు. ఆ రోజు నుంచీ ఆ ఇంటికి మాత్రం "మీ బుజ్జి లెక్కల్లో బాగా సేసింది" అని వెళ్ళేది.

అసలు గొడవ పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే వేళకు వచ్చింది. హేమను మేడం తిరిగి బడికి తెచ్చారు గానీ హాజరు తగ్గిపోయింది. ప్రధానోపాధ్యాయురాలు సిఫారసు చేస్తే మినహాయింపు దొరుకుతుంది. హెడ్డాఫీసు మాత్రం పేరు కొట్టేయమంది. కారణం హాజరు కాదు, లెక్కల మార్కులు. నూరు శాతం ఫలితాలు రావాలి. కరస్పాండెంటుగారు మమ్మల్ని ద్వారకా నగర్ రమ్మన్నారు. ఏసీ గదిలో లాప్‌టాప్ మా వైపు తిప్పి చూపించారు.

"మెసేజీలన్నీ డెలివర్ అయ్యాయమ్మా. పేరెంట్ స్పందించలేదు. మన తప్పేం లేదు. ఒక్క పిల్ల కోసం హండ్రెడ్ పర్సెంట్ పోగొట్టుకుంటామా?"

"డెలివరయ్యింది ఫోనుకి సార్. తల్లికి కాదు."

"ముందు ఆ వాయిస్ మెసేజీలు ఆపండి. గుంట ఏమిటి, ఏటి ఏమిటి? స్కూలు పరువేం కావాలి?"

"అడ్మిషన్లప్పుడు మల్కాపురం ఈదుల్లో ఆటోకి మైకు కట్టి తిప్పేరు కద సార్. అప్పుడు ఏ బాసలో పిలిసేరు? మా బాసలోనే. పిలిసినప్పుడు పోని పరువు, పిల్ల గురించి సెప్తే పోతదా?"

ఆయన లాప్‌టాప్ మూశారు. "హెడ్మిస్ట్రెస్ కుర్చీ ఎవరికీ శాశ్వతం కాదు, గుర్తుంచుకోండి."

"కాదు సార్. ఈ రోజుకి మాత్రం సంతకం నాదే."

ఆ పేర్ల జాబితా ఆవిడ అక్కడే, ఆయన బల్ల మీదే పెట్టి సంతకం చేశారు. హేమ పేరుతో, సిఫారసుతో. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, భయం వేయలేదా అని. "ఎందుకెయ్యలేదండీ? కాళ్ళొణికిపోయేయి. కూకుని ఉన్నాను కాబట్టి ఎవులికీ కనపళ్ళేదు." అలా అని సంచిలోంచి వేరుశనగలు తీసి నాకిన్ని పెట్టారు.

ఆ వారమే ఈమెయిల్ వచ్చింది. ఆవిడను పదవి నుంచి తీసి చిన్న తరగతులకు వేశారు. నాకు వేరే ఆదేశం. గ్రూపుల్లో ఒక ప్రకటన పెట్టి వాటిని మూసేయాలి. ప్రకటన వాళ్ళే రాసి పంపారు. "గత వాయిస్ సందేశములు అనధికారికమైనవి. విస్మరించగలరు." ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. మేడం తన సొరుగు ఖాళీ చేసుకుంటున్నారు.

"పంపీయండి మూర్తిగారూ. మీ ఉజ్జోగం మీదకి తెచ్చుకోకండి."

"పంపను మేడం. చెబుతాను."

జీవితంలో మొదటిసారి ఫోనును బొటనవేలితో అదిమి మాట్లాడాను. నా గోదావరి తెలుగులోనే. "నేను ఆఫీసు మూర్తిని. పెద్ద మేడంని ఆ కుర్చీలోంచి దింపేశారు. ఆవిడ మీకు చెప్పినవన్నీ మర్చిపొమ్మని చెప్పమన్నారు. ఇక మీదట ఇందులో మాట్లాడే వీలుండదు. మీ పిల్ల సంగతి కావాలంటే బడికొచ్చి అడగండి. గేటు దగ్గర ఆపితే నా పేరు చెప్పండి." వేలు తీశాను. మేడం సొరుగు మూయడం మర్చిపోయి నా వైపే చూస్తున్నారు.

మర్నాడు అందరికన్నా ముందు కొండమ్మ వచ్చింది. తర్వాత రమణమ్మ ఇడ్లీ కొట్టు వదిలేసి వచ్చింది. తర్వాత పోర్టు డ్యూటీ దిగినవాళ్ళు వచ్చారు. బుజ్జి తండ్రి సెలవు పెట్టి మరీ వచ్చాడు. అందరిదీ ఒకటే ప్రశ్న, "మా పిల్ల ఎలా ఉంది?" వాచ్‌మన్ నా పేరు విని విని విసిగిపోయాడు. మేడానికి ఆ కుర్చీ తిరిగి రాలేదు. నాకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. కానీ హేమ పేరు మీద మళ్ళీ చెయ్యి వేసే ధైర్యం ఎవరూ చేయలేదు. చిన్నపిల్లలు ఇళ్ళకు వెళ్ళాక మేడం వరండాలో ఆ పిల్లను కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. హేమ పరీక్ష రాసింది. లెక్కలు తప్పింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఆ ఏడాది మా బడి గోడ మీద నూరు శాతం ఫ్లెక్సీ కట్టలేదు. ఆ ఖాళీ గోడ ముందు నుంచి నడిచిన ప్రతిసారీ నాకు గర్వంగానే ఉండేది.

మేడం ఇప్పుడు పద్మనాభం వైపు ఒక చిన్న బడిలో చెబుతున్నారు. నేను రిటైరై మల్కాపురంలోనే ఉన్నాను. నా డైరీల్లో 'ఈ దినమున' పోయి 'ఈ రోజు' వచ్చింది. సాయంత్రాలు మా వీధి ఆడవాళ్ళు ఫోన్లు పట్టుకుని వస్తారు. బడి పంపినవి, కాలేజీ పంపినవి, హాస్టలు పంపినవి. చదివి, వాళ్ళ ఇంట్లో మాటలా చెబుతాను. అర్థం కాకుండా రాసిన ప్రతిదానికీ ఆ బడి ఈమెయిలుకు నా పేరు పెట్టి రాస్తాను. అయ్యా, ఈ మాట ఏ తల్లికి చెబుతున్నారు, ఆవిడ పేరేమిటి అని. ఆ సందేశాలన్నిటి కిందా "దీనికి జవాబు ఇవ్వవద్దు" అని ఉంటుంది. నేను ఇస్తూనే ఉన్నాను.